బీటా-లాక్టమ్‌లను బట్టీ పట్టకుండా చదవడం: అతుకు, విడుపు, మొండిపట్టు

వైవాలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అమాక్సిసిలిన్‌కి క్లావులనేట్ ఎందుకు కలిపారు?" సగం మంది దగ్గర్నుంచి వచ్చే జవాబూ ఒకటే. "పవర్ పెరగడానికి మేడమ్."

పవర్ కోసమే అయితే ఇంకాస్త అమాక్సిసిలినే వేయొచ్చుగా అంటాను. అక్కడితో నిశ్శబ్దం. సెఫలోస్పోరిన్ల తరాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లలే ఇక్కడ ఆగిపోతారు. వాళ్లననడానికి లేదు, నేనూ అలాగే చదివాను. కల్చర్ ల్యాబులో రెండేళ్లు ప్లేట్లు పట్టుకుని తిరిగాకగానీ బీటా-లాక్టమ్‌లనే ఈ యాంటీబయాటిక్‌ల గుంపు నా బుర్రకెక్కలేదు. ఆ తరవాత నేను పాఠం చెప్పే తీరు మారింది. ఆ తీరే ఇక్కడ రాస్తున్నాను. ఇది చదువుకునేవాళ్ల కోసం. దీన్ని చూసి ఎవరూ సొంతంగా మందు మింగొద్దు.

ముందు ఒక బొమ్మ గియ్యండి

పేర్ల జాబితా అవతల పెట్టి తెల్లకాగితం తీసుకోండి. మధ్యలో ఒక చతురస్రం గియ్యండి. మూడు మూలల్లో కార్బన్, నాలుగో మూలలో నైట్రోజన్. నైట్రోజన్ పక్కనున్న ఒక కార్బన్‌కి డబుల్ బాండ్‌తో ఆక్సిజన్ తగిలించండి. బీటా-లాక్టమ్ వలయం అంటే ఇదే.

ఆ ఆక్సిజన్ తగిలిన కార్బన్ దగ్గర కోణం మామూలుగా 120 డిగ్రీలు ఉండాలి. ఇక్కడ దాన్ని 90కి వంచి పెట్టారు. వెదురుబద్దని వంచి రెండు కొసలూ కలిపి కట్టినట్టన్నమాట. ముడి కాస్త కదిలితే టప్పున విచ్చుకుంటుంది. ఈ మందుల పనితనమంతా ఆ విచ్చుకోవడంలోనే ఉంది, పాడైపోవడమూ అందులోనే ఉంది. ఇంత బిగువున్న వలయం మందులో ఉంటుందంటే అప్పటి పెద్ద రసాయన శాస్త్రవేత్తలే కొందరు ఒప్పుకోలేదు. 1945లో డొరతీ హాడ్కిన్ ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీతో చూపించాకే ఆ వాదన తేలింది.

ఈ చతురస్రానికి ఏది అంటుకుని ఉందో దాన్నిబట్టే ఇంటిపేర్లు. గంధకమున్న ఐదు మూలల వలయం ఉంటే పెనిసిలిన్. గంధకమున్న ఆరు మూలల వలయం ఉంటే సెఫలోస్పోరిన్. ఐదు మూలలే ఉండి, గంధకం చోట కార్బన్ వచ్చి, లోపల డబుల్ బాండ్ ఉంటే కార్బాపెనెమ్. పక్కన ఏ వలయమూ లేకుండా ఒంటరిగా ఉంటే మోనోబాక్టమ్, అంటే మనకు తెలిసిన ఆజ్‌ట్రియోనామ్. ఇంటిపేర్లకి ఇంతకన్నా టైమ్ పెట్టకండి.

కాగితం మీద మూడు మాటలు

బాక్టీరియా కణకవచాన్ని నులకమంచం అల్లికగా ఊహించుకోండి. పొడవు తాళ్లు చక్కెర గొలుసులు, వాటిని కలిపే అడ్డు ముడులు చిన్న పెప్టైడ్ ముక్కలు. ముడి వేసే చెయ్యి ఒక ఎంజైమ్. దాని పేరు ట్రాన్స్‌పెప్టిడేజ్. పెనిసిలిన్ దానికే వెళ్లి అంటుకుంటుంది కాబట్టి పెనిసిలిన్ బైండింగ్ ప్రొటీన్ అనీ, పొట్టిగా పీబీపీ అనీ అంటాం.

ముడి పడే పద్ధతి చూడండి. పెప్టైడ్ కొసన డి-అలనీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు వరసగా ఉంటాయి. పీబీపీలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం ఆ కొసని పట్టుకుంటుంది, చివరి డి-అలనీన్ రాలిపోతుంది, మిగిలిన కొసని పక్క గొలుసుకి కట్టేసి సెరీన్ వదిలేస్తుంది. పట్టుకోవడం, కట్టడం, వదలడం. పెనిసిలిన్ ఆకారం ఆ రెండు డి-అలనీన్ల కొసని పోలి ఉంటుందని 1965లో టిప్పర్, స్ట్రోమింగర్ చెప్పారు. సెరీన్ మోసపోయి మందుని పట్టుకుంటుంది. వలయం విచ్చుకుంటుంది, సెరీన్‌కి అంటుకుపోతుంది. ఇక ఆ అతుకు ఊడాలంటే గంటలు పట్టొచ్చు, ఈలోగా ఎదిగే బాక్టీరియాకి కొత్త ముడులు కావాల్సిందే. పైగా పాత ముడులు విప్పే ఎంజైములు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. విప్పేవాడు విప్పుతున్నాడు, కట్టేవాడి చెయ్యి ఇరుక్కుంది. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. ఎదగకుండా నిద్రపోతున్న బాక్టీరియా మీద ఈ మందులు సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. మైకోప్లాస్మాకి అసలు కవచమే లేదు, దాని మీద ఏ బీటా-లాక్టమ్ వేసినా వృథా.

ఇప్పుడు బీటా-లాక్టమేజ్, అంటే ఈ మందుల్ని పాడుచేసే బాక్టీరియా ఎంజైమ్. దీన్ని చాలామంది కత్తెరలా ఊహించుకుంటారు. ఆ బొమ్మ నాకు నచ్చదు, అది అసలు సంగతిని దాచేస్తుంది. ఎక్కువ రకాల బీటా-లాక్టమేజ్‌లు పీబీపీలకి దాయాదులే. వాటిలోనూ సెరీన్ ఉంది, అదీ మందుని అలాగే పట్టుకుంటుంది, వలయం అలాగే విచ్చుకుంటుంది, అలాగే అతుక్కుంటుంది. తేడా తరవాతి క్షణంలో. ఆ ఎంజైమ్ లోపల ఒక నీటి అణువుని సరిగ్గా అతుకు ఎదురుగా నిలబెట్టే ఏర్పాటుంది. ఆ నీరు అతుకుని తెంపేస్తుంది. విరిగిన మందు బయటపడుతుంది, ఎంజైమ్ ఇంకోదానికి సిద్ధం. ఇలా సెకనుకి వందల కొద్దీ అణువుల్ని పాడుచేయగలదు. ఈ ఎంజైమ్ మందు వాడకం వల్ల పుట్టిందనుకోకండి. ఏబ్రహామ్, చెయిన్ దీని గురించి రాసింది 1940లో. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాణాపాయంలో ఉన్న మొదటి రోగికి పెనిసిలిన్ ఎక్కించింది 1941 ఫిబ్రవరిలో.

అందుకే కాగితం మీద మూడే మాటలు రాయిస్తాను.

అతుకు: పీబీపీ మందుని పట్టుకుంది, విడవలేకపోయింది. బాక్టీరియా చచ్చింది.
విడుపు: బీటా-లాక్టమేజ్ మందుని పట్టుకుంది, వెంటనే విడిచింది. మందు చచ్చింది.
మొండిపట్టు: బీటా-లాక్టమేజ్ తనని అడ్డుకునే ఇన్‌హిబిటర్‌ని పట్టుకుంది, విడవలేకపోయింది. ఎంజైమ్ చచ్చింది.

క్లావులనేట్ చేసేది మూడో పని. స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే నేల బాక్టీరియా తయారుచేసే పదార్థం ఇది. దీనిలోనూ బీటా-లాక్టమ్ వలయమే ఉంది, కానీ సొంతంగా బాక్టీరియాని చంపే శక్తి దాదాపు లేదు. ఎంజైమ్ దీన్ని మందనుకుని పట్టుకుంటుంది, లోపల బంధాలు ఒకదాని తరవాత ఒకటి మారిపోయి, నీరు తెంపలేని రూపంలో బిగుసుకుపోతుంది. సల్బాక్టమ్, టాజోబాక్టమ్ చేసేదీ ఇంచుమించు ఇదే. ఎంజైముతో పాటు తామూ పోతాయి. పవర్ అనే మాటకి ఇందులో చోటెక్కడుంది? ఎంజైమ్ లేని చోట క్లావులనేట్‌కి చేయడానికి పనే లేదు.

పసుపు కుంకుమయ్యేదాకా

ఇది నమ్మకంగా తెలియాలంటే ఒకసారి కంటితో చూడాలి. మీ ల్యాబులో నైట్రోసెఫిన్ డిస్కులుంటే అడిగి చూడండి. నైట్రోసెఫిన్ కూడా సెఫలోస్పోరినే, కాకపోతే రోగికి ఇచ్చేది కాదు. వలయం మూసి ఉన్నంతసేపు పసుపు, తెగితే ఎరుపు. డిస్కు మీద ఒక చుక్క నీళ్లు వేసి, పుల్లతో ఒక కాలనీ తీసి రుద్దండి. హీమోఫిలస్ ఇన్‌ఫ్లూయెంజా టెమ్-1 అనే బీటా-లాక్టమేజ్ చేసే రకమైతే నిమిషం లోపే రుద్దినచోట పసుపు కాస్తా కుంకుమ అవుతుంది. మీ కళ్ల ముందు అక్కడ లక్షల వలయాలు తెగుతున్నాయన్నమాట.

స్టాఫిలోకాకస్ దగ్గర తొందరపడకూడదు. కొత్తలో నేను అయిదు నిమిషాలు చూసి, పసుపుగానే ఉందని నెగెటివ్ రాసేశాను. సీనియర్ ఒకావిడ ఆ డిస్కు పారేయకుండా దాచి, గంటయ్యాక నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. ఎర్రగా ఉంది. స్టాఫ్ ఆ ఎంజైమ్‌ని ఎప్పుడూ తయారుగా పెట్టుకోదు, మందు తగిలితే చేసుకుంటుంది. అందుకే సెఫాక్సిటిన్ డిస్కు చుట్టూ ఏర్పడే ఖాళీ వలయం అంచు దగ్గర పెరిగిన కాలనీని తీసుకోవాలి, గంటదాకా ఆగాలి. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే మర్చిపోయేదాన్నేమో.

ఎంజైమ్‌ల జాతకం

ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, పరీక్షలోనూ వార్డులోనూ తిప్పలన్నీ ఇక్కడే. యాంబ్లర్ 1980లో మొదలుపెట్టిన వర్గీకరణ ప్రకారం నాలుగు తరగతులు: ఏ, బీ, సీ, డీ. వీటిలో ఏ, సీ, డీ సెరీన్‌తో పనిచేసేవి. బీ ఒక్కటే జింక్‌తో. ఈ ఒక్క తేడా గట్టిగా పట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

ఏ తరగతిలో టెమ్, ఎస్‌హెచ్‌వీ, సీటీఎక్స్-ఎమ్ ఉంటాయి. మొదట్లో పెనిసిలిన్లని, పాత సెఫలోస్పోరిన్లని మాత్రమే తెంపేవి. తరవాత వీటిలో కొన్ని మూడో తరం సెఫలోస్పోరిన్లని కూడా పట్టే మార్పులు తెచ్చుకున్నాయి, వాటినే ఈఎస్‌బీఎల్ అంటున్నాం. సీటీఎక్స్-ఎమ్ అంటే సెఫొటాక్సిమ్‌ని తెంపేది, మ్యూనిక్‌లో దొరికింది అని. ఇవి క్లావులనేట్‌కి లొంగుతాయి. అదే తరగతిలో పుట్టిన కేపీసీ మాత్రం కార్బాపెనెమ్‌లనీ తెంపుతుంది, క్లావులనేట్‌ని లెక్కచేయదు.

సీ తరగతి అంటే యాంప్-సీ. ఎంటరోబాక్టర్ క్లొయేసీ, సిట్రోబాక్టర్ ఫ్రూండీ లాంటివాటి సొంత జన్యువుల్లోనే ఉంటుంది. క్లావులనేట్ దీన్ని ఆపలేదు సరికదా, తట్టి లేపుతుంది కూడా. మొదటి రోజు రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్ పక్కన 'సెన్సిటివ్' అనుండి, నాలుగైదు రోజులకి మళ్లీ పంపిన కల్చర్‌లో 'రెసిస్టెంట్' రావడం చాలామంది చూసే ఉంటారు. ల్యాబ్ తప్పనుకుంటారు. కాదు, ఎంజైమ్ తయారీకి పగ్గం తెగిపోయిన కొద్దిపాటి బాక్టీరియా ముందే అక్కడ ఉన్నాయి, మిగతావి చచ్చాక వాటిదే రాజ్యమైంది. సెఫెపిమ్ ఈ ఎంజైమ్‌కి చాలావరకు తట్టుకుంటుంది.

డీ తరగతి ఆక్సా ఎంజైమ్‌లు. క్లెబ్సియెల్లాలో ఆక్సా-48, అసినెటోబాక్టర్‌లో ఆక్సా-23 ముఖ్యం.

బీ తరగతిలో ఎన్‌డీఎమ్, విమ్, ఐఎమ్‌పీ. వీటిలో పట్టుకునే సెరీనే లేదు. జింక్ అయాన్లు నీటి అణువుని పదును పెట్టి నేరుగా వలయం మీదకి వదులుతాయి. మన మూడు మాటల్లో చెప్పాలంటే వీటి దగ్గర అతుకే లేదు, ఇక మొండిపట్టు ఎక్కడినుంచి వస్తుంది? అతికించి పట్టుకునే ఇన్‌హిబిటర్లేవీ వీటి మీద పనిచేయకపోవడం వింతేమీ కాదు.

ఇప్పుడు కొత్త ఇన్‌హిబిటర్లు వాటంతటవే అర్థమవుతాయి. అవిబాక్టమ్‌లో బీటా-లాక్టమ్ వలయం లేదు. అయినా సెరీన్ దాన్ని పట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఎప్పుడైనా విడిపోయినా ముక్కలవ్వదు, తెరుచుకున్న వలయం మళ్లీ మూసుకుని మునుపటి రూపంలోనే బయటికొచ్చి ఇంకో ఎంజైమ్‌ని పట్టుకోగలదు. క్లావులనేట్ లాగా ఒక్కసారికి ఆహుతైపోయే రకం కాదు. కేపీసీతో సహా ఏ తరగతినీ, సీ తరగతినీ, ఆక్సా-48నీ ఆపుతుంది. 2015లో సెఫ్టాజిడిమ్‌తో జతకట్టి అమెరికాలో అనుమతి పొందింది. వాబోర్బాక్టమ్ బోరాన్ ఉన్న అణువు, మెరోపెనెమ్‌తో వస్తుంది, ఏ, సీ తరగతుల వరకే. రెలెబాక్టమ్ ఇమిపెనెమ్‌తో వస్తుంది, ఆక్సా-48 దగ్గర చేతులెత్తేస్తుంది. ఎన్‌డీఎమ్ ముందు ఈ మూడింటిలో ఏదీ నిలవదు.

తాళపుచెవి కన్నం

ఈఎస్‌బీఎల్‌ని ప్లేట్ మీద చూడ్డం నాకు ఇప్పటికీ సరదా. ముల్లర్-హింటన్ అగార్ మీద బాక్టీరియాని సమంగా పూసి, మధ్యలో అమాక్సిసిలిన్-క్లావులనేట్ డిస్కు, దానికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో సెఫొటాక్సిమ్, ఇంకోవైపు సెఫ్టాజిడిమ్ పెడతాం. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున్నే తీస్తే, సెఫొటాక్సిమ్ చుట్టూ ఖాళీ చిన్నగా ఉంటుంది, మూడువైపులా గుండ్రంగానే ఉంటుంది, క్లావులనేట్ వైపు మాత్రం సాగి ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. రెండూ కలిపి చూస్తే తాళపుచెవి పెట్టే కన్నంలా కనబడుతుంది.

ఆ సాగిన భాగం మీద వేలు పెట్టి పిల్లల్ని అడుగుతాను: ఇక్కడ బాక్టీరియా ఎందుకు పెరగలేదు? సెఫొటాక్సిమ్ ఒక్కటే అయితే అంత దూరంలో చాలదు. క్లావులనేట్ ఒక్కటే అయితే అసలు చంపదు. పలచబడిన రెండూ కలిసిన చోట మాత్రం నేల ఖాళీ. ఈ ఒక్క ప్లేట్ చూసినవాళ్లు మళ్లీ నా దగ్గర 'పవర్' అనలేదు.

రిపోర్టు ముందు పెట్టుకుని

ఇప్పుడు పద్ధతి. కల్చర్ రిపోర్టులో 'ఆర్' (రెసిస్టెంట్) కనబడగానే ఏ మందు వాడాలన్నది తరవాత, ముందు ఎందుకు ఆర్ వచ్చిందో అడగండి. మందు తెగిపోతోందా? ముడి వేసే చెయ్యే, అంటే పీబీపీయే, మారిపోయిందా? లోపలికే వెళ్లట్లేదా? ఇన్‌హిబిటర్ మొదటి ప్రశ్నకి మాత్రమే జవాబు.

స్టాఫిలోకాకస్ ఆరియస్‌ని తీసుకోండి. పెనిసిలిన్‌కి ఆర్ రావడం మామూలే, కారణం పెనిసిలినేజ్, అంటే పెనిసిలిన్‌ని తెంపే బీటా-లాక్టమేజ్. క్లావులనేట్ పనిచేస్తుంది. లేదా ఎంజైమ్ లోపలికి దూరలేనంత లావుపాటి సైడ్ చెయిన్ ఉన్న క్లాక్సాసిలిన్ వాడొచ్చు. కానీ సెఫాక్సిటిన్‌కి కూడా ఆర్ అయితే అది మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్, అంటే ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ. మెక్-ఏ జన్యువు వల్ల పీబీపీ-2ఏ అనే వేరే చెయ్యి వచ్చింది, పాత బీటా-లాక్టమ్‌లు దానికి సరిగా అతుక్కోవు. అతుకే పడనప్పుడు విడుపుని ఆపి ఏం లాభం? రిపోర్టులో పొరపాటున అమాక్సిసిలిన్-క్లావులనేట్ పక్కన ఎస్ (సెన్సిటివ్) అని కనబడ్డా నమ్మకూడదు. మెథిసిలిన్ వచ్చిన ఏడాది రెండేళ్లలోనే, 1961కల్లా, ఈ నిరోధం బయటపడింది. పీబీపీ-2ఏకి కూడా అతుక్కునేలా చేసిన సెఫలోస్పోరిన్ సెఫ్టారోలిన్.

న్యూమోకాకస్ ఇంకా మంచి ఉదాహరణ. అది బీటా-లాక్టమేజ్ చేయదు. దాని పీబీపీలే ముక్కలు ముక్కలుగా వేరే స్ట్రెప్టోకాకస్‌ల జన్యువుల్ని కలుపుకుని, మందుకి కాస్త వదులయ్యాయి. వదులైన పట్టుకి మందు ఎక్కువ కావాలి, అందుకే పిల్లల చెవి ఇన్‌ఫెక్షన్‌లో కిలోకి రోజుకి 80 నుంచి 90 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ వరకు వెళ్తారు. ఒక్క న్యూమోకాకస్ కోసమే అయితే క్లావులనేట్ విరేచనాలు తప్ప ఇచ్చేదేమీ లేదు. అదే చెవిలో హీమోఫిలస్ కూడా ఉండే అవకాశం ఉంటే క్లావులనేట్‌కి అర్థముంది. పిల్లల సిరప్‌లో అమాక్సిసిలిన్‌ని రెట్టింపు చేసి క్లావులనేట్‌ని పెంచకుండా 14కి 1 నిష్పత్తి తెచ్చింది ఈ రెండు శత్రువుల కోసమే.

మూడోది క్లెబ్సియెల్లా, మెరోపెనెమ్ ఆర్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఆర్, ఆజ్‌ట్రియోనామ్ ఆర్. అంతా అయిపోయినట్టు కనబడుతుంది కదా. ఎన్‌డీఎమ్ ఉందనుకోండి. ఎన్‌డీఎమ్ ఆజ్‌ట్రియోనామ్‌ని దాదాపు ముట్టుకోదు. మరి ఆర్ ఎందుకొచ్చింది? అదే బాక్టీరియాలో ఈఎస్‌బీఎల్ కూడా ఉంది, అది తెంపుతోంది. ఈఎస్‌బీఎల్‌ని అవిబాక్టమ్ పట్టుకుంటే ఆజ్‌ట్రియోనామ్ బతుకుతుంది. విడివిడిగా పనికిరానివి కలిస్తే పనికొస్తాయన్నమాట. ఈ జతకి యూరప్‌లో 2024లో, అమెరికాలో 2025లో అనుమతి వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా. ప్లేట్ మీద ఇన్‌హిబిటర్ గెలిచినంత మాత్రాన రక్తంలో గెలుస్తుందని లేదు. సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని ఈ. కోలి, క్లెబ్సియెల్లా రక్తంలో చేరిన రోగుల మీద 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో, 30 రోజుల లోపు మరణాలు పిపరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చినవాళ్లలో 12.3 శాతం, మెరోపెనెమ్ ఇచ్చినవాళ్లలో 3.7 శాతం. బాక్టీరియా గుంపు పెద్దదైతే ఎంజైమూ ఎక్కువే, ఇన్‌హిబిటర్ మాత్రం కొలిచి ఇచ్చినంతే.

రెండు 375లు ఒక 625 కాదు

ఫార్మసీ కిటికీ దగ్గర కూర్చున్న తొలి రోజుల్లో నేను చేసిన పొరపాటు. 625 మాత్రలు అయిపోయాయి. 375 ఉన్నాయి. రెండేస్తే 750, కొంచెం ఎక్కువే కదా, ఫరవాలేదు అని లెక్కేసి ఇచ్చాను. నాలుగో రోజు ఆ రోగి విరేచనాలతో తిరిగొచ్చాడు.

చీటీ వెనక రాసి చూడండి. 625 అంటే 500 అమాక్సిసిలిన్, 125 క్లావులనేట్. 375 అంటే 250 అమాక్సిసిలిన్, 125 క్లావులనేట్. రెండు 375లు వేస్తే అమాక్సిసిలిన్ అదే 500, క్లావులనేట్ మాత్రం 250. నేను పెంచింది మందుని కాదు, కడుపు పాడుచేసే భాగాన్ని. వెయ్యి మాత్రలోనూ 875కి 125 మాత్రమే క్లావులనేట్. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె కూడిక, దాన్ని ఎప్పుడూ విడదీసి చదవండి. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాములంటే 4కి అర.

క్లావులనేట్‌కి విరేచనాలతో పాటు కాలేయం ఇబ్బంది కూడా ఉంది. అరుదే, కానీ కామెర్లు మందు ఆపేసిన కొన్ని వారాలకి కూడా బయటపడొచ్చు. పాత మందులచీటీ అడగకపోతే కారణం దొరకదు.

జతలో ఇద్దరూ ఒకేసారి లోపలుండాలన్నది కూడా చూసుకోవాలి. అమాక్సిసిలిన్ అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) గంట, క్లావులనేట్‌దీ సుమారు గంటే, కాబట్టి కలిసి వచ్చి కలిసి పోతారు. సెఫ్ట్రియాక్సోన్ అర్ధాయువు ఎనిమిది గంటల దగ్గర, సల్బాక్టమ్‌ది గంట. ఈ రెండూ ఒకే సీసాలో అమ్మడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. కాపలావాడు మధ్యాహ్నానికే ఇంటికెళ్లిపోతే రాత్రంతా సొమ్ముకి ఎవరు దిక్కు?

ఎంత కాదు, ఎంతసేపు

జెంటామైసిన్ అనే వేరే గుంపు యాంటీబయాటిక్ ఒక్కసారి గట్టిగా కొట్టి వెళ్లే రకం. బీటా-లాక్టమ్ తీరు వేరు. బాక్టీరియా ఎదగకుండా ఆపే కనీస గాఢతని ఎమ్‌ఐసీ అంటాం. ఎమ్‌ఐసీకి నాలుగైదు రెట్లు దాటాక మోతాదు పెంచినా చంపే వేగం పెద్దగా పెరగదు. కొత్తగా తయారయ్యే ప్రతి పీబీపీని పట్టుకోవడానికి మందు అక్కడ ఉండాలి, అంతే. ప్రొటీన్లకి అంటుకోకుండా స్వేచ్ఛగా ఉన్న మందు, రెండు డోసుల మధ్య కాలంలో ఎంత శాతం సేపు ఎమ్‌ఐసీకి పైన ఉందన్నదే లెక్క. స్థూలంగా పెనిసిలిన్లకి 50, సెఫలోస్పోరిన్లకి 60 నుంచి 70, కార్బాపెనెమ్‌లకి 40 శాతం ఉంటే బాగా పనిచేస్తాయి.

బెంజైల్ పెనిసిలిన్ అర్ధాయువు అరగంటే. 1941 నాటి ఆ మొదటి రోగి మూత్రంలోంచి పెనిసిలిన్‌ని మళ్లీ వెలికితీసి ఎక్కించాల్సి వచ్చింది. కోలుకుంటున్నాడు, మందు అయిపోయింది, బతకలేదు. ఆ మూత్రంలోకి అంత వేగంగా తోసేది కిడ్నీ నాళికలే. ఆ తోపుని ఆపే ప్రొబెనెసిడ్‌ని తరవాత పెనిసిలిన్ పొదుపు కోసమే వాడారు. ఇప్పుడు అదే పనిని డ్రిప్‌తో చేస్తున్నారు: మెరోపెనెమ్‌ని అరగంటకి బదులు మూడు గంటలు, పిపరాసిలిన్-టాజోబాక్టమ్‌ని నాలుగు గంటలు ఎక్కిస్తారు. గ్రాములు అవే, సేపు పెరుగుతుంది.

కిడ్నీ దెబ్బతింటే ఎక్కువ బీటా-లాక్టమ్‌లకి డోసు తగ్గించాలి. సెఫెపిమ్ దగ్గర మరీ జాగ్రత్త. పేరుకుపోతే మనిషి అయోమయంలో పడతాడు, ఫిట్స్ కూడా రావొచ్చు. సెఫ్ట్రియాక్సోన్ మూత్రంలోనే కాక పిత్తంలో కూడా పోతుంది కాబట్టి కిడ్నీ కోసం మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు, కానీ అప్పుడే పుట్టిన పిల్లలకి కాల్షియం ఎక్కుతుంటే అది ఇవ్వకూడదు. ఇమిపెనెమ్‌ని కిడ్నీలోని ఒక ఎంజైమ్ తెంపేస్తుంది, దాన్ని ఆపడానికే సిలాస్టాటిన్ కలిపారు. సిలాస్టాటిన్ బీటా-లాక్టమేజ్ ఇన్‌హిబిటర్ కాదు, ఈ ఎర వేసి నేను చాలామందిని పట్టుకున్నాను. కార్బాపెనెమ్ ఏదైనా సరే, రోగి వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు మీద ఉంటే రక్తంలో ఆ వాల్‌ప్రోయేట్ స్థాయి కుప్పకూలుతుంది.

నీరు, మళ్లీ నీరే

ఎంజైమ్ లోపల అతుకుని తెంపిన నీరు సీసాలో కూడా ఊరుకోదు, కాకపోతే నెమ్మదిగా. అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ పొడిగా వచ్చేది అందుకే. నీళ్లు కలిపిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది, ముందు పాడైపోయేది క్లావులనేట్. ఫ్రిజ్‌లో పెట్టి, సీసా మీద రాసిన గడువు, సాధారణంగా వారం రోజులు, దాటాక పారబోయాలి. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయించండి. పోయిన నెలది మిగిలిందని వాడితే రంగూ రుచీ అలాగే ఉంటాయి, కాపలావాడు మాత్రం ఉండడు.

అలర్జీ కూడా అదే అతుకు కథ. ఈసారి వలయం విచ్చుకుని మన రక్తంలోని ప్రొటీన్ల లైసీన్‌కి అంటుకుంటుంది. దాన్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయిదనుకుంటుంది. పెనిసిలిన్ అలర్జీ అని చెప్పుకునేవాళ్లలో పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిది మందికి పైగా లేదనే తేలుతుంది. సెఫలోస్పోరిన్లతో పదిశాతం కలుస్తుందన్న పాత అంకె కూడా నిలవదు, ఇప్పుడు తెలిసినదాని ప్రకారం అది రెండు శాతం లోపే. కలిసేది వలయం వల్ల కన్నా పక్కనున్న సైడ్ చెయిన్ వల్ల. యాంపిసిలిన్‌కీ సెఫలెక్సిన్‌కీ ఆ గొలుసు ఒకటే కాబట్టి జాగ్రత్త పడాలి, సెఫజోలిన్ గొలుసు ఎవరితోనూ కలవదు. ఆజ్‌ట్రియోనామ్ పెనిసిలిన్ అలర్జీలో ఇవ్వొచ్చు, సెఫ్టాజిడిమ్ అలర్జీలో వద్దు, ఆ రెండింటికీ ఒకే గొలుసు. అయితే ఊపిరాడక, ముఖం వాచి ఆసుపత్రిలో పడ్డ మనిషి దగ్గర ఈ శాతాల లెక్కలు చెప్పకండి, అది అలర్జీ స్పెషలిస్టు చూడాల్సిన పని.

చివరగా మీకొక అభ్యాసం. 2023లో అమెరికాలో అసినెటోబాక్టర్ కోసం అనుమతి పొందిన జత సల్బాక్టమ్-డర్లోబాక్టమ్. కాగితం మీద మూడు మాటలూ ముందు పెట్టుకుని చెప్పండి: ఇందులో మందెవరు, కాపలా ఎవరు? సల్బాక్టమ్ ఇన్‌హిబిటర్ కదా, మరి రెండు ఇన్‌హిబిటర్లు కలిపితే చంపేదెవరు అని మా క్లాసులో ఒకమ్మాయి లేచి నిలబడింది. అసినెటోబాక్టర్ పీబీపీలకి సల్బాక్టమే నేరుగా అతుక్కుంటుంది. ఇక్కడ మందు అదే. దాన్ని తెంపే ఆక్సా ఎంజైమ్‌లని మొండిగా పట్టుకునేది డర్లోబాక్టమ్. సంగతి తెలిశాక ఆ అమ్మాయి తన కాగితం మీద సల్బాక్టమ్‌ని మూడో వరసలో కొట్టేసి, బాణం గీసి, మొదటి వరసలో రాసుకుంది.